రిమ్ పెరిగితే గాలి తగ్గుతుంది

స్పోర్టీ కారుకు కొత్త చక్రాలు, టైర్లు వేయించే ముందు తెలుసుకోవాల్సిన లెక్కలు

వరంగల్ మట్టెవాడ సందులో ఒకే మోడల్ కార్లు రెండు పక్కపక్కన ఆగి ఉన్నాయనుకుందాం. ఒకదానికి కంపెనీ ఇచ్చిన 16 అంగుళాల చక్రాలే ఉన్నాయి. రెండోదానికి 18 అంగుళాల అల్లాయ్‌లు తళతళలాడుతున్నాయి. చక్రం రెండు అంగుళాలు పెద్దదయింది కాబట్టి కారు ఎత్తు కూడా పెరగాలి కదా? టేపు పెట్టి కొలిచి చూడండి. తేడా అర సెంటీమీటరు కూడా రాదు. మరి పెరిగిన ఆ రెండు అంగుళాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

టైరులోంచి వచ్చాయి. రిమ్ పెద్దదైన మేరకు టైరు పక్కగోడ, అంటే సైడ్‌వాల్, పొట్టిదయింది. బయటి చుట్టుకొలత దాదాపు అలాగే ఉంది. పక్కగోడల మధ్య ఉండేది గాలి. కాబట్టి రిమ్ సైజు పెంచడమంటే ఇంతవరకూ గాలి ఉన్న చోటును లోహానికి అప్పగించడం.

‘సైజు పెంచితే బండి లుక్కే మారుతది తమ్మీ’ అంటాడు షాపాయన. అందులో అబద్ధమేమీ లేదు. లుక్కుతో పాటు ఇంకేమేం మారతాయో ఆయన చెప్పడు, మనమూ అడగం. అడగాల్సిన అవసరం మాత్రం ఇక్కడివాళ్లకు ఎక్కువ. మట్టెవాడ నుంచి బయల్దేరే కారు ఒకే పూటలో రెండు రకాల పరీక్షలు రాస్తుంది. మొదటిది చౌరస్తా, పోచమ్మ మైదాన్ చుట్టుపక్కల: స్పీడ్ బ్రేకర్లు, మ్యాన్‌హోల్ మూతలు, పైపుల కోసం తవ్వి పూడ్చిన అతుకులు. రెండోది కాజీపేట దాటాక: 163వ నంబరు జాతీయ రహదారి మీద జనగామ, భువనగిరి మీదుగా పరుగు, ఘట్‌కేసర్ దగ్గర ఎక్కితే గంటకు 120 కిలోమీటర్ల దాకా అనుమతి ఉన్న హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు. మొదటి పరీక్షలో నెగ్గే చక్రం వేరు, రెండోదానిలో మెరిసే చక్రం వేరు. రెండింటికీ సరిపోయేది ఎంచుకోవడమే అసలు సమస్య.

కారును మోసేది ఎవరు?

కారు బరువు టైరు రబ్బరు మీద ఉందని మనం అనుకుంటాం. చాలావరకు ఆ బరువును మోసేది లోపల బిగించి పెట్టిన గాలి. రబ్బరు, దాని లోపలి తాళ్లు ఆ గాలిని పారిపోకుండా పట్టుకునే సంచి మాత్రమే. గాలి దిగిపోయిన టైరు ఎలా చతికిలబడుతుందో అందరికీ తెలుసు.

దీంట్లోంచే ఒక చిన్న లెక్క పుడుతుంది. కారు, అందులోని మనుషులు కలిపి 1,300 కిలోలు అనుకుందాం. ఒక్కో చక్రం మీద సగటున 325 కిలోలు పడతాయి. టైరులో 33 పీఎస్ఐ గాలి ఉంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు 2.3 కిలోల ఒత్తిడి ఉన్నట్టు. 325ను 2.3తో భాగిస్తే 140 వస్తుంది. అంటే ఒక్కో టైరు రోడ్డును తాకే జాగా 140 చదరపు సెంటీమీటర్లకు అటూ ఇటూ: అడ్డంగా 17 సెంటీమీటర్లు, పొడవునా 8 సెంటీమీటర్లు. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా, గేరు మార్చి యాక్సిలరేటర్ తొక్కినా ఆ నాలుగు చిన్న ముక్కల రబ్బరు మీదుగానే జరగాలి.

ఈ లెక్కలో టైరు వెడల్పు ఎక్కడా రాలేదు. బరువు, గాలి ఒత్తిడి రెండే వచ్చాయి. అదే ఒత్తిడితో వెడల్పాటి టైరు వేస్తే రోడ్డును తాకే జాగా పెద్దగా పెరగదు, దాని ఆకారం మారుతుంది. అడ్డం పెరిగి, పొడవు తగ్గుతుంది. ‘వెడల్పు టైరు వేస్తే రోడ్డు మీద రబ్బరు ఎక్కువ పడుతుంది’ అనే నమ్మకాన్ని మొదట పక్కన పెట్టాల్సింది ఇక్కడే.

పక్కగోడ మీది రాత: ఒక పాఠం

195/55 ఆర్16 87హెచ్ అని రాసి ఉన్న టైరును తీసుకుందాం.

*195:* టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో.

*55:* పక్కగోడ ఎత్తు వెడల్పులో 55 శాతం అని. అంటే 107 మిల్లీమీటర్లు.

*ఆర్:* లోపలి తాళ్ల అల్లిక రేడియల్ రకం అని.

*16:* ఈ టైరు పట్టే రిమ్ వ్యాసం, అంగుళాల్లో.

*87:* ఈ టైరు మోయగల బరువుకు సంకేతం. 87 అంటే 545 కిలోలు.

*హెచ్:* వేగ సంకేతం. గంటకు 210 కిలోమీటర్ల దాకా. టీ అంటే 190, వీ అంటే 240, డబ్ల్యూ అంటే 270, వై అంటే 300.

ఇవి కాక ఇంకో నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో ఎంఆర్ఎఫ్‌కు, తిరుపతి జిల్లా చినపండూరులో అపోలోకు టైర్ల కర్మాగారాలున్నాయి. టైరు మన దగ్గర్లోనే పుట్టినంత మాత్రాన తాజాది అనుకోలేం. గోదాములో ఎన్నాళ్లు ఉందో చెప్పేది ఈ నాలుగంకెలే. రబ్బరు వాడకపోయినా ముదురుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ దాన్ని మెల్లగా గట్టిపరుస్తాయి.

ఒక అంగుళం పెంచితే

మన ఊళ్లలో కనబడే స్పోర్టీ కార్లలో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ ఒకటి. 2021లో వచ్చింది. దాని టైరు సైజు పైన చెప్పినదే: 195/55 ఆర్16. పక్కగోడ 107 మిల్లీమీటర్లు, టైరు మొత్తం వ్యాసం 621 మిల్లీమీటర్లు. దీన్ని పెంచాలనుకునేవారి ముందు సాధారణంగా మూడు సైజులు పెడతారు.

*205/45 ఆర్17:* వ్యాసం 616 మిల్లీమీటర్లు, పక్కగోడ 92.

*215/45 ఆర్17:* వ్యాసం 625, పక్కగోడ 97.

*215/40 ఆర్18:* వ్యాసం 629, పక్కగోడ 86.

మొత్తం వ్యాసంలో తేడా ఒకటిన్నర శాతం దాటలేదు. స్పీడోమీటరు చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కబెట్టి వేగం చెబుతుంది కాబట్టి ఈ మాత్రం తేడాతో అది పెద్దగా తప్పదు. ఏబీఎస్ కూడా అయోమయంలో పడదు. షాపులో ‘లెక్క సరిపోయింది’ అనేది ఇక్కడిదాకానే.

సరిపోని లెక్క ఒకటుంది. అదే బరువు సంకేతం. మామూలు రకం 205/45 ఆర్17 టైరుకు ఆ సంకేతం 84, అంటే 500 కిలోలు. కంపెనీ ఇచ్చిన చిన్న టైరు 545 కిలోలు మోస్తుంటే, దానికంటే వెడల్పుగా, ఖరీదుగా కనబడే ఈ టైరు 45 కిలోలు తక్కువ మోస్తుంది! కారణం మళ్లీ గాలే. పక్కగోడ పొట్టిదై లోపలి గాలి పరిమాణం తగ్గింది, మోసే శక్తీ తగ్గింది. అదే సైజులో ఎక్స్‌ఎల్ అని రాసిన గట్టి రకం దొరికితే సంకేతం 88, అంటే 560 కిలోలు. అయితే ఆ బరువు మోయించాలంటే గాలి కూడా ఎక్కువ పట్టాలి. 215/45 ఆర్17 అయితే మామూలు రకంలోనే 87 ఉంటుంది. సైజు పక్కనుండే ఈ రెండంకెలు చూడకుండా టైరు కొన్నవాళ్లు పెళ్లికి అయిదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను వేసుకుని వెళ్లిన రోజు ఆ టైరును దాని హద్దు వైపు నెట్టినట్టే.

గోతిలో పడ్డ క్షణం

చక్రం గోతి అంచును గుద్దుకున్నప్పుడు మొదట వంగేది టైరే. స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కదలడం మొదలుపెట్టేలోపే రోడ్డును తాకే ట్రెడ్ లోపలికి నొక్కుకుంటుంది, పక్కగోడలు బయటికి ఉబ్బుతాయి, లోపలి గాలి దెబ్బను నాలుగు వైపులా పంచుతుంది. టైరు అలా నొక్కుకోవడానికి ఉన్న దూరం పక్కగోడ ఎత్తే. 107 మిల్లీమీటర్లు 86 అయితే అయిదో వంతు పోయింది.

దెబ్బ పెద్దదై ఆ దూరం చాలకపోతే పక్కగోడ రెండు గట్టి వస్తువుల మధ్య చిక్కుతుంది. కింద గోతి అంచు, పైన రిమ్ అంచు. ఆ నొక్కుడుకు లోపల బరువు పట్టి ఉంచే సన్నని పాలియెస్టర్ తాళ్లు కొన్ని తెగుతాయి. బయటి రబ్బరు చిరగదు, గాలి దిగదు. ఇంటికి చేరేదాకా ఏమీ తెలియదు. మర్నాడు చూస్తే పక్కగోడ మీద కోడిగుడ్డంత బుడగ. తాళ్లు తెగిన చోట గాలిని ఆపేది రబ్బరు ఒక్కటే, అది సాగుతోంది. దీనికి పంచర్ షాపులో వైద్యం లేదు. ప్యాచ్ వేస్తే రంధ్రం మూస్తుంది గానీ తెగిన తాళ్లను అతకదు. ఆ టైరును తీసేయాల్సిందే. ఔటర్ మీద 120లో ఉండగా ఆ బుడగ పగిలితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

టైరు తట్టుకున్నా కొన్నిసార్లు రిమ్ అంచు వంగుతుంది. 80 దాటాక స్టీరింగు వణకడం మొదలవుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా వణుకు పోకపోతే వంగిన రిమ్మును అనుమానించాలి.

రేసు కార్లను చూసి నేర్చుకోవాలంటే

పెద్ద రిమ్ అంటే రేసు కారు అనే ముద్ర మనలో బలంగా పడింది. నిజానికి ఫార్ములా వన్ కార్లు 2021 దాకా తిరిగింది 13 అంగుళాల రిమ్ముల మీద. మన వీధుల్లోని సాధారణ హ్యాచ్‌బ్యాక్‌ల రిమ్ములే వాటికంటే పెద్దవి. ఆ టైర్ల వ్యాసం 670 మిల్లీమీటర్లు కాబట్టి పక్కగోడ 170 మిల్లీమీటర్ల ఎత్తు ఉండేది. కారు సస్పెన్షన్ పనిలో పెద్ద భాగం ఆ గోడే చేసేది. 2022లో 18 అంగుళాలకు మారినప్పుడు టైరు వ్యాసాన్ని కూడా 720 మిల్లీమీటర్లకు పెంచారు. అయినా పక్కగోడ 131 దగ్గర ఆగింది. 18 అంగుళాలు ఎక్కించిన ఐ20కి మిగిలే 86తో పోల్చి చూసుకోండి. ఫార్ములా వన్ కారు తిరిగేది నున్నటి ట్రాక్ మీద.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా-ఈ రేసు జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ విద్యుత్ కార్లకు హాంకూక్ కంపెనీ 18 అంగుళాల టైర్లే ఇచ్చింది. ఎండకూ వానకూ అదే టైరు, గాళ్లున్న ట్రెడ్డే. రోజూ జనం తిరిగే రోడ్డు మీద రేసు పెట్టినప్పుడు టైరు కూడా రోడ్డుకు తగ్గట్టు ఉండాల్సి వచ్చింది.

మరి ఖరీదైన స్పోర్ట్స్ కార్లకు పెద్ద రిమ్ములు ఎందుకు? మొదటి కారణం బ్రేకులు. రెండు వందలు దాటిన వేగం నుంచి మళ్లీమళ్లీ ఆపాలంటే పెద్ద డిస్కు కావాలి, డిస్కు ఇమడాలంటే పెద్ద రిమ్ కావాలి. డిస్కు మార్చకుండా రిమ్ ఒక్కటే పెంచిన కారులో వచ్చే మార్పు రిమ్ కమ్మీల మధ్యలోంచి కనబడుతుంది: అంత పెద్ద చక్రంలో చిన్న డిస్కు.

రెండో కారణం స్టీరింగు స్పందన. స్టీరింగు తిప్పగానే చక్రం తిరుగుతుంది గానీ రోడ్డును పట్టుకున్న రబ్బరు వెంటనే తిరగదు. పక్కగోడ కాస్త మెలితిరిగి, ఆ మెలిక నుంచి పుట్టిన శక్తితో కారును మలుపులోకి లాగుతుంది. గోడ పొట్టిదైతే మెలిక తొందరగా బిగుస్తుంది, కారు చురుగ్గా తిరిగినట్టు అనిపిస్తుంది. ఇది ఊహ కాదు, నిజమైన లాభం. కాకపోతే స్పందన చురుగ్గా ఉండటం వేరు, పట్టు ఎక్కువ ఉండటం వేరు.

పట్టు ఎక్కడ పుడుతుంది?

రబ్బరు రెండు రకాలుగా రోడ్డును పట్టుకుంటుంది. ఒకటి, అతి దగ్గరగా తాకిన చోట రబ్బరు అణువులు రాతి పైపొరకు అంటుకుని విడిపోతుంటాయి. రెండు, తారులోంచి పైకి తేలిన కంకర మొనలు రబ్బరులోకి దిగుతాయి. రబ్బరు వాటి చుట్టూ వంగి, తిరిగి మామూలు ఆకారానికి రావడానికి కొంచెం ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యంలో శక్తి వేడిగా మారిపోతుంది, అదే జారుడును అడ్డుకుంటుంది. తడి రోడ్డు మీద మొదటిది చాలావరకు పనిచేయదు, రెండోదే దిక్కు.

రెండూ ఆధారపడేది రబ్బరు మిశ్రమం మీద. ఎంత మెత్తగా ఉంది, అందులో ఎంత సిలికా కలిపారు, ఎంత వేడి వద్ద బాగా పనిచేస్తుంది అనే వాటిని బట్టి ఒకే సైజులో రెండు కంపెనీల టైర్లు తడి రోడ్డు మీద కొన్ని మీటర్ల తేడాతో ఆగుతాయి. రిమ్ సైజుకు ఇందులో పాత్ర లేదు. కొన్ని టైర్ల మీద ట్రెడ్‌వేర్ అనే సంఖ్య ఉంటుంది. అది ఎంత ఎక్కువైతే టైరు అంత నెమ్మదిగా అరుగుతుందని అర్థం. 200 ఉన్నది ఎక్కువగా పట్టుకోసం చేసినది, 400 ఉన్నది మన్నిక కోసం చేసినది. ఈ అంకెలను ఒకే కంపెనీ టైర్ల మధ్య పోల్చడం మేలు.

వెడల్పు వల్ల లాభమే లేదా? ఉంది. రబ్బరును ఒకే చోట గట్టిగా నొక్కుతూ పోతే పట్టు పెరుగుతుంది గానీ నొక్కినంత పెరగదు. మలుపులో బయటి చక్రాల మీద బరువు పడినప్పుడు ఇది తేలుతుంది. వెడల్పాటి టైరులో ఆ బరువు అడ్డంగా పంచుకుంటుంది, వేడి కూడా పంచుకుంటుంది. పొడి రోడ్డు మీద, వేగంగా మలుపు తిరిగేటప్పుడు లాభం కనబడుతుంది. వానలో మాత్రం అదే వెడల్పు ఎదురు తిరుగుతుంది.

నీటి మీద తేలే కారు

2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో పక్కనే ఉన్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. వరంగల్ కాలనీలూ నీట మునిగాయి. అంతటి వాన ఎప్పుడో గానీ రాదు. రోడ్డు మీద మూడు మిల్లీమీటర్ల నీరు నిలవడానికి అంత వాన అక్కర్లేదు, వానాకాలంలో మామూలు జల్లు చాలు.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో టైరు సెకనుకు 22 మీటర్లు ముందుకు పోతుంది. మూడు మిల్లీమీటర్ల నీటిలో, 17 సెంటీమీటర్ల వెడల్పున రోడ్డును తాకే టైరు సెకనుకు 11 లీటర్లకు పైగా నీటిని పక్కకు తోసేయాలి. వెడల్పు 19 సెంటీమీటర్లయితే దాదాపు 13 లీటర్లు. ట్రెడ్ గాళ్లు ఉన్నది ఇందుకే. గాళ్లు అరిగిపోయినా, వేగం పెరిగినా నీరు పోయే దారి చాలక టైరు ముందు గట్టుకడుతుంది, చివరకు టైరును రోడ్డు మీంచి ఎత్తేస్తుంది. స్టీరింగు ఒక్కసారిగా తేలికైపోతుంది. తిప్పినా కారు తిరగదు.

1960లలో విమానాల టైర్ల మీద పరిశోధించిన అమెరికా నాసా ఇంజనీర్లు ఇందులో ఒక ముఖ్యమైన సంగతి కనుక్కున్నారు. తేలిపోయే వేగాన్ని ప్రధానంగా నిర్ణయించేది టైరులోని గాలి ఒత్తిడి. వాళ్ల సూత్రం ప్రకారం గాళ్లు అరిగిన టైరు నిలిచిన నీటిలో 33 పీఎస్ఐ దగ్గర గంటకు సుమారు 95 కిలోమీటర్ల వేగంలో తేలుతుంది. గాలి 25కు పడిపోతే 83కే తేలుతుంది. కారు టైరు వెడల్పుగా ఉంటే ఇంకా ముందే తేలవచ్చు. నెలకోసారి గాలి చూపించుకోవడం వానాకాలంలో ఎందుకు ప్రాణావసరమో ఇది చెబుతుంది.

కార్లకు ట్రెడ్ లోతు చట్టం ప్రకారం కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. గాళ్ల అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మలుంటాయి. ట్రెడ్ అరిగి వాటితో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. వానలో ఎక్కువ తిరిగేవాళ్లు అంతదాకా ఆగకపోవడం మంచిది.

ఎండాకాలపు గాలి: ఇంకో పాఠం

టైరులో ప్రతి 5–6 డిగ్రీల వేడికి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. మే నెలలో మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి వచ్చి గాలి చూపిస్తే నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ కనబడుతుంది. అది సహజం. అప్పుడు గాలి తీసేస్తే తెల్లవారేసరికి టైరు తక్కువ గాలితో ఉంటుంది. తక్కువ గాలితో తిరిగే టైరు ఎక్కువగా వంగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. అందుకే పొద్దున్నే, బండి తిరగకముందు, డోరు పక్కన అంటించిన పట్టికలోని అంకె ప్రకారం పట్టించాలి. నైట్రోజన్ గురించి అడిగేవారికి: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. తేమ లేకపోవడమే విడిగా నైట్రోజన్ పట్టించడంలోని అసలు లాభం.

బరువు లెక్కలో నిజం, అతిశయోక్తి

‘చక్రంలో ఒక కిలో తగ్గితే బాడీలో పది కిలోలు తగ్గినట్టు’ అని కార్ల పిచ్చివాళ్లు చెబుతుంటారు. వేగం పుంజుకునే లెక్కలో అది నిజం కాదు. చక్రం ముందుకు పోవాలి, తనచుట్టూ తానూ తిరగాలి. కాబట్టి దాని అంచున ఉన్న ఒక కిలో అదనంగా ఇంకో కిలో వరకు లెక్కకు వస్తుంది, అంతకు మించదు. చక్రానికి రెండేసి కిలోల చొప్పున ఎనిమిది కిలోలు పెరిగితే ఇంజను దృష్టిలో 16 కిలోలు పెరిగినట్టు. 1,300 కిలోల కారులో అది ఒకటిన్నర శాతం లోపే.

సస్పెన్షన్ లెక్క వేరు. బియ్యం సంచి భుజాన వేసుకుని మెట్లెక్కడం ఒకటి, అదే సంచి కాలికి కట్టుకుని ఎక్కడం ఒకటి. స్ప్రింగుకు పైనున్న కారు బరువు భుజం మీది సంచి. స్ప్రింగు కిందున్న చక్రం, టైరు, బ్రేకు బరువు కాలికి కట్టిన సంచి. స్పీడ్ బ్రేకరు మీద ఆ కాలు గబుక్కున లేవాలి, దిగాక గబుక్కున రోడ్డును అందుకోవాలి. బరువెక్కిన చక్రం లేచాక దిగడానికి ఆలస్యం చేస్తుంది. ఆ క్షణంలో రోడ్డు మీద ఆ టైరు పట్టు సన్నగిల్లుతుంది. గతుకుల రోడ్డు మీద బరువైన పెద్ద రిమ్ కారు పట్టును తగ్గించగలదనడానికి కారణం ఇదే.

అందుకే రిమ్ ఎలా చేశారన్నది దాని వ్యాసం కంటే ముఖ్యం. కరిగిన అల్యూమినియాన్ని అచ్చులో పోసి చేసేది అగ్గువ, బరువు. పోసిన తర్వాత అంచును తిప్పుతూ, నొక్కుతూ సాగదీసే ఫ్లో ఫార్మింగ్‌లో అంచు పలచగానూ గట్టిగానూ వస్తుంది. ముద్ద లోహాన్ని వేల టన్నుల ఒత్తిడితో నొక్కి చేసే ఫోర్జింగ్‌లో లోహం లోపల బుడగలు మిగలవు, తక్కువ లోహంతోనే బలం వస్తుంది. ధర కూడా అలాగే ఉంటుంది. పేరున్న డిజైన్‌కు నకలుగా వచ్చే రిమ్ కొనేటప్పుడు అది ఎంత బరువు మోయగలదో రిమ్ మీద చెక్కి ఉందా, ఐఎస్ఐ గుర్తు ఉందా చూడాలి.

రిమ్ మన కారుకు సరిపోతుందా?

*పీసీడీ:* బోల్టులు అమరే వలయం కొలత. 4×100 అంటే 100 మిల్లీమీటర్ల వలయం మీద నాలుగు బోల్టులు. 5×112, 5×114.3 దగ్గర దగ్గరగా కనబడినా ఒకదానికొకటి పట్టవు. లాగి బిగిస్తే బోల్టు వంకరగా కూర్చుంటుంది.

*నడిమి రంధ్రం:* హబ్ మీద రిమ్ బిగువుగా కూర్చోవాలి. రంధ్రం పెద్దదైతే మధ్యలో సరిపోయే రింగు వేయించాలి. లేకపోతే వేగంలో వణుకు.

*ఆఫ్‌సెట్:* రిమ్ మీద ఈటీ 45 అని ఉంటుంది. బిగించే తలం రిమ్ నడిమి గీత నుంచి 45 మిల్లీమీటర్లు బయటికి ఉందని అర్థం. ఈటీ 35 వేస్తే చక్రం పది మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. చూడటానికి కండగా ఉంటుంది. వీల్ బేరింగు మీద భారం పెరుగుతుంది, గుంత తగిలినప్పుడు స్టీరింగును గుంజుతుంది, నిండుగా ఎక్కినప్పుడు టైరు ఫెండరుకు రాసుకోవచ్చు.

*బోల్టు కూర్చునే గిన్నె:* కొన్ని కార్ల బోల్టులో రిమ్ మీద కూర్చునే భాగం గుండ్రంగా, కొన్నింటిది శంకువులా ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ కార్లవి గుండ్రం, బయట దొరికే రిమ్ములకు ఎక్కువగా శంకువు కావాలి. ఒకదాంట్లో ఒకటి బిగిస్తే బిగిసినట్టే అనిపిస్తుంది, తర్వాత వదులవుతుంది.

కొత్త చక్రాలు వేయించాక కొంతదూరం నడిపి, టార్క్ రెంచితో బోల్టులు మళ్లీ చూపించాలి.

రెండు సైజుల కార్లు, రెండు టైర్ల ఖర్చు

పోర్షె 911 క్యారెరా కొత్త తరం కారుకు ముందు 235/40 ఆర్19, వెనక 295/35 ఆర్20 టైర్లుంటాయి. ఇంజను వెనక ఉంది కాబట్టి బరువులో ఎక్కువ భాగం వెనకే పడుతుంది. వెనక సన్నటి టైరు ఉంటే మలుపులో తోక బయటికి పోతుంది. అందం కోసం నాలుగూ ఒకే సైజు చేయడం గానీ, ముందువి వెనక్కి మార్చడం గానీ ఇలాంటి కార్లలో కుదరదు. తయారీదారు ఆ కారుకోసమే పరీక్షించి ఒప్పుకున్న టైర్లకు పోర్షె ఎన్ అనే గుర్తు వేయిస్తుంది, బీఎండబ్ల్యూ నక్షత్రం వేయిస్తుంది.

మామూలు కార్లలో రెండే టైర్లు మార్చాల్సి వస్తే కొత్తవి ముందు వేయించాలని చాలామంది అనుకుంటారు. ఇంజను ముందు చక్రాలను తిప్పే కారైనా సరే, కొత్తవి వెనకే ఉండాలి. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే కారు నేరుగా పోతుంది, యాక్సిలరేటరు వదిలితే మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనకవి జారితే కారు బొంగరంలా తిరుగుతుంది, సరిదిద్దే సమయం ఉండదు.

చట్టం మాట

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి అయిదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడే వీలుంది. ఫెండరు బయటికి పొడుచుకొచ్చిన చక్రాలు పోలీసులకంటే ముందు బీమా సర్వేయరు కంట పడతాయి. మీ మోడల్‌లోనే పై వేరియంటుకు కంపెనీ ఇచ్చే సైజు దాటకపోవడం అన్ని విధాలా క్షేమం.

మరి ఏం కొనాలి?

కారు ఏడాదిలో తొక్కే రోడ్లలో అతి చెడ్డదాన్ని ముందు తలచుకోవాలి. పక్కగోడ ఎత్తును నిర్ణయించాల్సింది అదే. అతి వేగంగా వెళ్లే రోడ్డు నిర్ణయించాల్సింది వేగ సంకేతాన్ని, రబ్బరు నాణ్యతను. మట్టెవాడ నుంచి ఔటర్ దాకా తిరిగే ఐ20 లాంటి కారుకు ఈ రెండూ కలిపి చూస్తే జవాబు దాదాపు ఒక్కటే వస్తుంది. మొదటి ఖర్చు, అదే 16 అంగుళాల్లో తడి రోడ్డు మీద బాగా ఆగే మంచి టైర్ల సెట్టు. కారు స్వభావం మారిందని మొదటి వానలోనే తెలుస్తుంది. స్టీరింగు ఇంకా చురుగ్గా కావాలనిపించి, మీ మోడల్ పై వేరియంటుకు కంపెనీ 17 ఇస్తుంటే అక్కడ ఆగాలి, బరువు సంకేతం 87కు తగ్గకుండా చూసుకోవాలి. 18 ఈ రోడ్లకు కాదు.

ఆపైన కూడా డబ్బు మిగిలితే 16 అంగుళాల్లోనే ఫ్లో ఫార్మింగ్‌తో చేసిన తేలికపాటి రిమ్ములు కొనవచ్చు. చూసేవాళ్లకు పెద్ద తేడా కనబడదు, నడిపేవాళ్లకు మాత్రం మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గరే తెలుస్తుంది.